మూడో గుంట నీళ్ళు

మూడో గుంటలోంచి సంతోషమ్మ చేదిన బకెట్టు పైకి వచ్చేసరికి దానికి అడుగు లేదు.

తాడు చివర రేకు గొట్టం ఒకటి వేలాడుతోంది, అంతే. పైనుంచి చెయ్యి పెడితే కిందనుంచి వేళ్ళు బయటికొచ్చాయి. గురువారం సాయంత్రం, ఈస్టరు పండక్కు పెద్దకడుబూరు బయలుదేరేముందు, ఆ బకెట్టును గుంటలో దించి కొక్కేనికి కట్టిపోయింది ఆమే. పాతదే గానీ చుక్క నీరు కారని బకెట్టు. ఐదు రోజుల్లో దాని అడుగు ఏమైనట్టు?

సంతోషమ్మ గట్టుమీద చతికిలబడింది. ఆమె భయం బకెట్టు కోసం కాదు, తమ్ముడి కోసం.

తమ్ముడు జయన్నను పోయిన వారం మనం కార్ఖానా ఆఫీసు వెనక గదిలో వదిలి వచ్చాం. బయట గడియ, గడియకు తాళం. అతను చేశాడంటున్న తప్పు ఏమిటో ఒక్కసారి తలుచుకుంటే మిగతా కథ దానంతటదే నడుస్తుంది.

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో, మూతపడిన పత్తి జిన్నింగు మిల్లు షెడ్డులో నడుస్తున్న ముగ్గురాయి కార్ఖానా అది. కర్నూలు రాజధానిగా రాష్ట్రం ఏర్పడి ఏడాది దాటిన ఆ ఎండాకాలం, చుట్టుపక్కల ఏ బావిలో చూసినా బురదే. కార్ఖానాకు మాత్రం నీళ్ళు లేకపోతే పూట గడవదు. ముగ్గురాయి పొడికి తుప్పుమరక ఉంటుంది. యాసిడ్డులో ఉడికించి కడిగితేగాని అది పాలలా తెల్లబడదు. తెల్లబడితేగాని రంగుల కంపెనీలు కొనవు. కడిగిన పుల్లనీళ్ళను పారబోసే దర్జా ఆ సీమలో ఎవరికుంది? అందుకని మూడు గుంటలు తవ్వారు. మొదటి గుంటలో పుల్లనీళ్ళకు సున్నం కలుపుతారు. రెండో గుంటలో తుప్పు బురదై అడుక్కి దిగుతుంది. మూడో గుంటలోకి తేటనీళ్ళు పొర్లుతాయి. ఆ తేటనీళ్ళనే పంపు మళ్ళీ కడుగుడు తొట్లకు తోడిపోస్తుంది. మిగిలిన కాసిని గోడ అవతలి తొట్టిలోకి వదిలితే, ఎమ్మిగనూరు అద్దకంవాళ్ళు బండ్లమీద నూలు తెచ్చి జాడించుకుని పోతారు.

శనివారం ఆ అద్దకంవాళ్ళలో ఒకడైన నాగప్ప ఆ తొట్టిలో జాడించిన నూలు, ఆరాక పిడికిట పట్టుకుంటే పొడిపొడిగా రాలిపోయింది. మూడిళ్ళ మగ్గాలకు సరిపోయే నూలు!

ఎవరో తొట్టిలో యాసిడ్డు పోశారని అందరూ ఒక్కమాటగా తేల్చేశారు. యాసిడ్డు కొట్టు తాళంచెవి ఉండేది జయన్న మొలతాడుకు. వారం కిందటే, తొట్టి దగ్గర బండి నిలిపే చోటు గురించి జయన్నా నాగప్పా చొక్కాలు పట్టుకున్నారు. ఇంకేం కావాలి? గుంట నీళ్ళమీద అనుమానం ఎవరికీ రాలేదు. ఎందుకంటే ప్రతి ఉదయం మేస్త్రీ లక్ష్మప్ప పసుపులో తడిపి ఆరబెట్టిన గుడ్డపీలిక ఒకటి మూడో గుంటలో ముంచుతాడు. పసుపుకు సున్నం తగిలితే ఎర్రబడుతుందని దిష్టి తీసే ప్రతి ఇల్లాలికీ తెలిసిందే. గుడ్డ ఎర్రబడితే నీళ్ళలో పులుపు చచ్చినట్టు. ఆ గుడ్డను ఇంజను షెడ్డులో తీగకు తగిలిస్తాడు. ఎరుపు చూశాకే ఇంజను తిరుగుతుంది. ఒక్కరోజు కూడా ఎరుపు తప్పలేదు.

మరి బకెట్టు అడుగు?

సంతోషమ్మ వేలు ముంచి నాలుక చివర అంటించుకుంది. పచ్చి చింతకాయ కొరికినట్టు నాలుక జివ్వుమంది. తుపుక్కున ఉమ్మేసింది.

పదకొండు గంటలకు కార్ఖానా సావుకారు ఆదోని నుంచి జీపులో వస్తాడు. వెంట పోలీసు జవానును తెస్తానన్నాడు. ఇప్పుడు తొమ్మిదిన్నర.

ఆమె లేచి, కొంగు బిగించి, పొడుగు పార తీసుకుని మొదటి గుంట అడుగు గోకింది. పారకు గడ్డలు తగిలాయి. పైకి లాగి చూసింది. సున్నం గడ్డలు. వాటికి పైన గట్టిగా పొర కట్టింది. రాయికేసి కొట్టి పగలగొడితే లోపల సగం ఇసుక.

ఆ గడ్డలు ఎక్కడివో ఆమెకు తెలుసు. బుట్టకెత్తి గుంటలో పోసిన చేతుల్లో ఆమెవీ రెండు.

ఉగాది వెళ్ళిన వారానికి, లక్ష్మప్ప కోడలు తాయమ్మ ఉడుకుసున్నం కలుపుతుంటే అది బుడబుడమని పొంగి ఎగజిమ్మింది. ఎడమకన్ను పోయింది. ఆ మర్నాడే లక్ష్మప్ప, "ఇంక ఉడుకుసున్నం ముట్టుకోవద్దు. షెడ్డెనక పాత సున్నం గుట్ట ఉండాది గదా, అది పోయండి" అన్నాడు. పొగ లేదు, మంట లేదు. గడ్డలు నీళ్ళలో పడితే చిన్నచిన్న బుడగలు వచ్చేవి. సున్నం పని చేస్తోంది కదా అని ఆడవాళ్ళంతా ఆయనకు దండం పెట్టుకున్నారు. సంతోషమ్మ కూడా.

ఆమె పార పక్కన పెట్టి ఇంజను షెడ్డుకేసి నడిచింది.

ఇంజను నడిపే బజారి, పంపు విప్పి నేలమీద పరుచుకుని, దానితో మాట్లాడుతున్నాడు.

"వారానికి రెండు తూర్లు వాషర్లు మింగుతాండావు, నీకేం ఆకలే?" అని పంపును అడిగి, తల ఎత్తి సంతోషమ్మను చూశాడు. "రామ్మా సంతోషమ్మా. పండగ బాగ అయిందా? నీ తమ్ముడికి మాత్రం పండగ ఆఫీసులోనే అయింది."

"నీ ఎగతాళి తర్వాత గానీ బజారన్నా, ఆ తీగమీది గుడ్డలు ఒకసారి దించుకుంటా."

"ఎందుకు? మేస్త్రీ కొడతాడు. అవి లెక్క ప్రకారం ఉండాల. తిరునాళ్ళ తోరణం మాదిరి యాలాడతాండాయి, సూసేకి బాగుండ్లా?"

"నువ్వు ఎట్ల సూస్తావు వాటిని?"

"ఎట్ల సూసేదేంది? ఈడనే నిలబడి సూస్తా. ఎరుపు కనపడితే ఇంజను తిప్పు అని సావుకారి ఆర్డరు. ఎరుపు కనపడ్తాది. తిప్పుతా. దగ్గరికి పోయి ముద్దు పెట్టుకోమంటావా?"

సంతోషమ్మ నవ్వలేదు. తీగ కిందికి వెళ్ళి ముఖం పైకెత్తింది.

పాత గుడ్డలు, అంటే ఉగాది ముందరివీ ఆ వారంవీ, నిలువెల్లా ఎర్రగా ఉన్నాయి. వాటి తర్వాత తొమ్మిది గుడ్డలున్నాయి. నీళ్ళలో మునిగిన కింది భాగమంతా శుభ్రమైన పసుపు. పైన, చేత్తో పట్టుకునే మూలన, కుంకుమబొట్టంత ఎరుపు. ఒకవైపు బొటనవేలి ముద్ర, తిప్పి చూస్తే చూపుడువేలి ముద్ర.

ఆ గుడ్డలను ఎర్రబరిచింది నీళ్ళు కాదు, పట్టుకున్న చెయ్యి.

రోజుకు ఇరవైసార్లు తమలపాకుకు సున్నం రాసే చెయ్యి ఆ కార్ఖానాలో ఒక్కటే ఉంది. ఆమె మొగుడు పోయి, ఇద్దరు బిడ్డలతో రోడ్డున పడినప్పుడు, "ఈమె పనికి నేను పూచీ" అని సావుకారు ముందు ఎత్తిన చెయ్యి కూడా అదే.

బయటికి వచ్చేసరికి లక్ష్మప్ప ఎదురయ్యాడు. తలగుడ్డ, తెల్లని మీసం, బుగ్గన ఆకుముద్ద. అరవై ఏళ్ళొచ్చినా నిట్టాడులా నిటారుగా నడిచే మనిషి. ఇవాళ ఎందుకో భుజాలు కిందికి జారి ఉన్నాయి.

"వచ్చినావా పాపా. పండక్కు పోయి ముసిలోనికి ఏం తెచ్చినావు?"

"కజ్జికాయలు తెచ్చినా మామా. తాయమ్మకు ఇచ్చినా." ఆమె అటూ ఇటూ చూసి మెల్లగా అడిగింది. "మామా, నాకు సెప్పాల్సింది ఏమన్నా ఉండాదా?"

లక్ష్మప్ప నమలడం ఒక్క క్షణం ఆగింది.

"ఏముంటాది పాపా" అన్నాడు, ఆమె ముఖంలోకి చూడకుండా. "పో, పని సూసుకో."

ఆయన వెళ్ళిపోయాడు. సంతోషమ్మ అక్కడే నిలబడిపోయింది. ఆ మాట ఆయన నోట వస్తే ఎంత బాగుండేది! తాను చెబితే అన్నం పెట్టినవాణ్ణి పట్టిచ్చినట్టు. చెప్పకపోతే తమ్ముడు చేతులకు బేడీలతో ఆదోని బజారులో నడవాలి. ఇరవై రెండేళ్ళవాడు. వచ్చే నెల్లో వాడికి పెళ్ళి.

జీపు హారను వినపడింది.

సావుకారు దిగాడు. వెంట పోలీసు జవాను. వెనక సీటులోంచి నాగప్ప దిగాడు, చంకలో మూటతో. జయన్నను గది నుంచి తెచ్చి వరండాలో నిలబెట్టారు. మూడు రోజుల గడ్డం, ఎర్రని కళ్ళు. అక్కను చూసినా ఏడవలేదు.

"ఒప్పుకున్నాడా?" సావుకారు అడిగాడు.

"ఏం ఒప్పుకోవాల సామీ?" జయన్న గొంతు బొంగురుపోయింది. "నాగప్పతో కొట్లాడింది నిజం. కొట్టాలంటే వాణ్ణి కొడ్తా. నూలునెందుకు కొడ్తా?"

"వాణ్ణంట, వాణ్ణి!" నాగప్ప మూట విప్పి వరండామీద కుమ్మరించాడు. ఎర్రనూలు, నీలినూలు పొట్టులా రాలింది. "మా ఇంట్లో, మా అన్న ఇంట్లో, పక్కింట్లో మగ్గాలు నిలిచిపోయినాయి. నాకు ఎవురు జవాబు సెప్తారు? తప్పు సేసినోడు సెప్పాల్నా వద్దా?"

"సెప్పాల" అంది సంతోషమ్మ.

అందరూ తిరిగి చూశారు. ఆమె ముందుకు వచ్చి, అడుగులేని బకెట్టును నూలు పక్కన పెట్టింది.

"నాగప్పన్నా, నీ నూలుకేమయిందో ఈ బకెట్టుకూ అదే అయింది. ఇది మూడో గుంటలో ఉన్న బకెట్టు. తొట్టిలో ఎవరూ ఏమీ పోయలేదు. గుంట నీళ్ళే పులిసినాయి."

సావుకారు నుదురు చిట్లించాడు. "తమ్ముడిమీద ప్రేమతో నువ్వు ఏదైనా చెబుతావమ్మా. గుంట నీళ్ళు పులిస్తే గుడ్డ ఎందుకు ఎర్రబడుతుంది? రోజూ ఎరుపు వచ్చిందా లేదా బజారీ?"

"వచ్చింది సామీ. కండ్లారా సూసినా."

"లక్ష్మప్పా?"

లక్ష్మప్ప స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. తల ఊపాడు. ఊపాడో లేదో కూడా తెలియనంత మెల్లగా.

"అట్లయితే ఇప్పుడొకటి ముంచుదాం సామీ" అంది సంతోషమ్మ. రవికలోంచి కొత్త పసుపుగుడ్డ తీసింది. "మీ ఎదుటనే. ఇంతమంది ఎదుటనే."

అందరూ మూడో గుంట చుట్టూ చేరారు. ఎండ నడినెత్తికి ఎక్కుతోంది. నీళ్ళు అద్దంలా తేటగా ఉన్నాయి. ఆకాశం అందులో నీలంగా పడుకుని ఉంది. అంత అందమైన నీళ్ళు విషమని ఎవరు నమ్ముతారు?

జయన్న చెయ్యి చాచాడు. "ఇయ్యక్కా, నేను ముంచుతా."

"నువ్వొద్దురా. నువ్వు ముంచితే ఏదో సేసినావంటారు. నేనూ వద్దు." ఆమె గుడ్డను లక్ష్మప్ప ముందుకు చాచింది. "మామ ముంచాల. ఆయన మాట అందరూ నమ్ముతారు."

ఆయన చెయ్యి చాచాడు. చాచిన చేతి వేళ్ళ కొసలు తెల్లగా, సున్నం పెచ్చు కట్టి ఉన్నాయి.

సంతోషమ్మ గుడ్డ ఇవ్వలేదు. పక్కనున్న మంచినీళ్ళ చెంబు ఎత్తింది. ఆమె కళ్ళలో నీళ్ళు నిండాయి.

"సేతులు కడుక్కోని ముంచు మామా."

చిన్నమాట. కానీ లక్ష్మప్ప చెంపదెబ్బ తిన్నవాడిలా వెనక్కి ఒక అడుగు వేశాడు. సావుకారుకు ఏమీ అర్థం కాలేదు. బజారికి మాత్రం అర్థమైంది. ఇంజను షెడ్డుకేసి పరుగెత్తి, తీగమీది గుడ్డలన్నీ గుత్తిగా పీక్కొచ్చి, ఒక్కొక్కటే తిప్పి చూశాడు. వాటిని సావుకారు ముందుకు చాచాడు.

"ఏమిటిది?" సావుకారు అరిచాడు. "చేతులు కడుక్కోవడానికి ఇంత ఆలోచన ఏమిటి? కడుక్కో లక్ష్మప్పా!"

లక్ష్మప్ప బుగ్గన ఉన్న ఆకుముద్దను దూరంగా ఉమ్మేశాడు. తలగుడ్డ తీసి మూతి తుడుచుకున్నాడు. దాన్ని మళ్ళీ తలకు చుట్టుకోలేదు. బోడితలతో నిలబడిన ఆయనను అంతకు ముందు ఎవరూ చూసి ఎరగరు.

"కడుక్కోను సావుకారీ" అన్నాడు. "కడుక్కోని ముంచితే పసుపు పసుపుగానే వస్తాది. నాకు తెలుసు. జయన్నను ఇడ్సండి. వాడు ఏమీ సేయల్యా. సేసింది నేను.

"దేవనకొండలో, ఆదోనిలో ముప్పై ఏండ్లు గానుగసున్నంతో గోడలు కట్టినోన్ని నేను. మా పనిలో సున్నం ఎంత ఊరితే అంత గొప్ప. మా నాయన ఆరునెల్లు ఊరబెట్టి గచ్చు పోసేటోడు. తాయమ్మ కన్ను పోయినంక ఆ ఉడుకుసున్నం నా కండ్లతో సూడలేకపోయినా. షెడ్డెనక ఉండేది రెండేండ్ల పాత సున్నం, బంగారమట్లా పనిసేస్తాది అనుకున్యా. నీళ్ళలో ఊరింది యారే, గాలికి ఎండింది యారే, ఎండినదానికి సత్తువ ఉండదు. దాంట్లో సగం ఇసకుండాదని కూడా తట్టల్యా. పసిబిడ్డకు తెలిసేది నాకు తెలియకపోయె.

"తొలిరోజు గుడ్డ ముంచితే ఎరుపు రాల్యా. నా ఏళ్ళు తగిలిన కాడ మాత్రం అయింది. బజారి ఆడనుంచే సూసి ఇంజను తిప్పినాడు. ఆపురా అని నోటిదాకా వచ్చింది. రేపు ఇంకో రెండు బుట్టలు పోస్తే సరిపోతాదిలే అనుకున్యా. రేపూ అంతే. ఎల్లుండీ అంతే. మూడోరోజు నుంచి నేనే మూలన గట్టిగా అదిమి పట్టినా సావుకారీ. కావాలనే పట్టినా.

"నాగప్పా, నువ్వు రాలిన నూలు తెచ్చి సూపించినప్పుడు నేను తొట్టి కాడనే ఉండా. అప్పుడన్నా సెప్పాల్సింది. జయన్నను పట్టుకున్యారు. వీడు నా పక్క సూసినాడు, 'నువ్వన్నా సెప్పు మేస్త్రీ' అన్నట్ల. తల దించుకున్యా. నిజం సెప్తే మళ్ళ ఆడోళ్ళ సేత ఉడుకుసున్నం కలిపిస్తారు, ఇంకో కన్ను పోతాది, అందుకే సెప్పడంల్యా అని నాకు నేనే సెప్పుకున్యా. అది అబద్ధం. లక్ష్మప్పకు సున్నం తెల్దంట అని ఈ సీమలో నలుగురు అంటారని భయపడినా. అంతే. దానికోసరం ఈ పిల్లోణ్ణి పోలీసులకు అప్పజెప్పబోయినా. సంతోషమ్మా, పొద్దున నువ్వు అడిగితివి. నీకు కూడా సెప్పల్యా."

జయన్న తల తిప్పుకున్నాడు. సంతోషమ్మ చెంబు కింద పెట్టింది. పోలీసు జవాను ముందుకు కదలబోతే లక్ష్మప్ప చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండప్పా, అయిపోల్యా. నన్ను కట్టేసేది తర్వాత కట్టేద్దువు. సావుకారీ, నిన్న మీరు మనిషిని పంపించి సెప్పిస్తిరి, కూలోళ్ళ ఇండ్ల కాడి బావి ఎండిపోయింది, మూడో గుంట నీళ్ళు దాంట్లోకి తిప్పమని. వద్దంటే ఎందుకని అడుగుతారు. అందుకని వద్దనల్యా. ఈ పొద్దు తెల్లారి నా సేత్తోనే గట్టు తెగ్గొట్టి బావిలోకి కాలవ ఇడ్సినా. బురద తేరాల, మధ్యాన్నం దాకా ఎవరూ సేదొద్దు అని ఆడోళ్ళకు సెప్పి వచ్చినా. ఆ లోపల ఏదో ఒకటి సేసి ఆపుదామనుకున్యా. కాళ్ళు కదల్యా సావుకారీ. ఇప్పుడు పొద్దు నెత్తిమీదికొచ్చింది. ఆడ బిందెలు దించుతాంటారు. మా తాయమ్మ ఆడనే ఉండాది, దానికి ఉండే ఒక్క కంటికి ఆ నీళ్ళు తేటగానే కనపడ్తాయి. నన్ను సూస్తా నిలబడొద్దండి. ఎవరన్నా ఉరకండప్పా, బిర్నా ఉరకండి!"